సందడి అంటే రద్దీనా, సంతోషమా?

జనం తొక్కిడిని సందడి అనడం తప్పని, సందడంటే పండుగ కళేనని ఇక్కడొకరు రాశారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అన్నమయ్య కీర్తన చూడండి: "సందడి విడువుము సాసముఖా, మందరధరునకు మజ్జనవేళ". స్వామి స్నానానికి వేళయింది, గుంపు తొలగండి అని. అక్కడ సందడంటే ఒత్తుకుంటున్న జనమే. "సందట్లో సడేమియా"లో కూడా ఎవరేం చేస్తున్నారో తెలియని హడావిడి తప్ప పండుగేమీ లేదు. కాబట్టి తొక్కిడి అర్థం మనం కొత్తగా అంటించింది కాదు.

మరి సంతోషం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ తోపులాటలోంచే వచ్చిందంటాను. మా నెల్లూరు రొట్టెల పండుగ చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు, అది తీరితే మళ్లీ వచ్చి వాళ్లూ ఇస్తారు. రాస్తే ఇంతే. ఆడికి పోతే మాత్రం "పెళ్లి రొట్టె, పెళ్లి రొట్టె", "ఉద్యోగం రొట్టె ఎవరికి కావాల", "ఇల్లు రొట్టె ఉందా అమ్మా" అని నాలుగు పక్కల నుంచీ కేకలు, చీర కుచ్చిళ్లు తడిసిపోయి, పిలిచేది మనల్నో పక్కవాళ్లనో అర్థంకాక తల తిరిగిపోతుంది. నేను మా అక్క కోసం ఆరోగ్య రొట్టె వెతుకుతా ఉంటే ముక్కూమొహం తెలియని పెద్దామె ఒకామె సంతానం రొట్టె నా చేతిలో పెట్టేసి, "తినమ్మా, మాకు మనవడు పుట్టాడు" అని బుగ్గ పుణికింది. నాకు కావాల్సింది అది కాదని చెప్పేలోపే గుంపులో కలిసిపోయింది. నాకైతే భలే సంతోషం వేసింది! ఆమె ఆనందం ఎవరికో ఒకరికి పంచాలి, ఎదురుగా నేనున్నా, అంతే. అందర్నీ వరసలో నిలబెట్టి టోకెన్లిచ్చి పంచుంటే ఇది జరిగేదే కాదు.

ఇంకో సంగతి. సందడి, గందరగోళం ఒకటి కాదు. గందరగోళానికి మనుషులు అక్కర్లేదు, లెక్కలూ గందరగోళంగా ఉంటాయి, కాగితాలూ ఉంటాయి. సందడికి మనుషులు కావాలి. ఎవరూ లేని గదిలో సామాను ఎంత చిందరవందరగా పడున్నా దాన్ని సందడి అనం. అదే పెళ్లింట్లో గడప ముందు చెప్పుల గుట్ట, కాళ్లకి అడ్డం పడే పిల్లలు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని టెన్షన్, ఇదంతా కలిపి సందడే.

ఒంగోలు నుంచి ఒక సభ్యుడి జవాబు:
మా వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో దుమ్ము, ఈలలు, మైకు, తోలేవాళ్ల అదిలింపులు, పక్కవాడి మాట వినపడదు. దాన్ని సందడనే అంటాం. కానీ అక్కా, ఆసుపత్రి ముందర జనం ఎంతమంది ఉన్నా సందడి అనం కదా? మరి సంతోషం ఆ మాటలో భాగమేగా?

నా జవాబు:
నిజమే తమ్ముడూ, ఇప్పటి వాడుకలో భాగమే, దాన్ని నేను కాదనడం లేదు. కానీ సంతోషం వచ్చింది కదా అని రద్దీని బయటికి నెట్టేయడానికి లేదు. ఒక్కళ్లమే కూర్చుని ఎంత మురిసిపోయినా దాన్ని సందడి అంటామా? ఆసుపత్రి దగ్గర జనం ఉన్నారు, సంతోషం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు సంతోషం ఉంది, జనం లేరు. రెండుచోట్లా ఆ మాట అతకలేదు. నిఘంటువులో ఒకదాని కింద ఒకటి వేరే వేరే అర్థాలుగా వేసినా, మన నోట్లో మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. మీ ఊళ్ల తిరునాళ్లకీ ఉరుసులకీ ఇట్టాంటి మాటలు ఇంకేమన్నా వాడుతుంటే రాయండి, వాక్యంతో సహా.