పోర్షా 911 కారెరా 3.2 ఆయిల్ హోస్‌లు: ఏది కారుతోంది, ఎలా విప్పాలి, బదులు ఏం వేయాలి

న్యూజెర్సీ_86:
1986 కారెరా 3.2. ఆయిల్ హోస్‌లన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. రాత్రి నిలిపి ఉంచితే కుడి వెనక చక్రానికి అటూ ఇటూ మరకలు పడుతున్నాయి. ముందు ఏ హోస్ చూడాలి? థర్మోస్టాట్ నట్‌లు ఊడి రావంటున్నారు, నిజమేనా? ఇంజిన్ దించకుండా ఎంతవరకు అవుతుంది?

ఫ్లాట్‌సిక్స్:
మరక ఎక్కడుందని కాదు, ఎప్పుడు పడుతోందో చూడండి. హోస్ పేరు అదే చెప్పేస్తుంది.

ఈ ఇంజిన్‌ది డ్రై సంప్. నూనె కుడి వెనక ఫెండర్‌లో, చక్రం వెనక ఉన్న ట్యాంకులో ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి లావుపాటి హోస్ ఒకటి ఇంజిన్‌కి పోతుంది, అది సక్షన్. కేసు అడుక్కి జారిన నూనెని స్కావెంజ్ పంపు తోడి ఇంకో హోస్ ద్వారా చక్రం ముందున్న థర్మోస్టాట్‌కి తోస్తుంది. నూనె చల్లగా ఉంటే అక్కణ్నుంచి నేరుగా ట్యాంకుకే. సుమారు 83 డిగ్రీలు దాటాక సిల్ (తలుపు కింది అంచు) కింద ఉన్న పొడవాటి పైపుల్లోంచి ముందు కుడి ఫెండర్‌లోని కూలర్ దాకా వెళ్లి తిరిగొస్తుంది.

బండి కదలకుండా ఉన్నప్పుడు కారితే సక్షన్ హోస్‌నో, ట్యాంకు జాయింట్‌నో అనుమానించండి. ట్యాంకులో నూనె బరువు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. స్టార్ట్ చేసిన నిమిషంలో కారడం మొదలై, ఆపాక ఆగిపోతే స్కావెంజ్ హోస్. పావుగంట నడిపి బాగా వేడెక్కాకే తడి కనిపిస్తే ముందు కూలర్ లైన్లు. అడుగంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, కింద అట్ట పరచి ఈ మూడు వేళల్లో విడివిడిగా చూడండి. పౌడర్ మీద గీత ఎక్కణ్నుంచి మొదలైందో అదే మూలం, చివర చుక్క ఎక్కడ పడిందో కాదు.

ఒక తిరకాసు ఉంది. కొన్ని వారాలు కదపకపోతే ట్యాంకులో నూనె మెల్లగా ఇంజిన్ కేసులోకి దిగిపోతుంది. అప్పుడు డిప్‌స్టిక్ పొడిగా వస్తుంది. అది లీకు కాదు. చల్లటి ఇంజిన్‌లో నూనె పోశారంటే, ఎక్కువైనది ఎయిర్ ఇన్‌టేక్‌లోకి పోయి వెనక నుంచి పొగ.

డల్లాస్_గరాజ్:
కంటితో చూసి హోస్ బాగుందనకండి, చేత్తో పట్టి చూడాలి. కుడి వెనక చక్రం తీసి, జాక్ స్టాండ్‌ల మీద నిలబెట్టి, పూర్తిగా చల్లారాక మొదలెట్టండి. క్రింప్ కాలర్, అంటే రబ్బరుని మెటల్ పైపుకి నొక్కి పట్టే గొట్టం, దాని అంచు పక్కన 2 సెంటీమీటర్లే అసలు జాగా. మొదట పగిలేది అక్కడే. హోస్‌ని మెల్లగా వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి. లోపల నూలు అల్లిక కనిపిస్తే ఆ హోస్ పని అయిపోయింది. గోరు నొక్కితే దిగకుండా పెంకులా ఉంటే వేడికి ఎండిపోయింది. మెత్తగా, ఉబ్బినట్టు ఉంటే నూనె లోపలి పొరలోంచి ఊరుతోంది. బయట పగులు లేకపోయినా హోస్ పొడవునా తడి చెమర్చడం దీని లక్షణమే.

కనిపించని రకం ఇంకొకటి. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడితే సక్షన్‌లో అది తలుపులా మూసుకుంటుంది. అప్పుడు ఐడిల్‌లో ప్రెషర్ మామూలుగానే ఉంటుంది, ఆర్‌పీఎం పెంచితే సూది ఊగుతుంది. వేడి నూనెతో 1000 ఆర్‌పీఎంకి సుమారు 10 పీఎస్‌ఐ చొప్పున ఉండాలనేది పాత లెక్క. అది అందకపోతే అందరూ పంపునో బేరింగ్‌నో తిడతారు. అంతకంటే ముందు సక్షన్ హోస్ విప్పి లోపలికి టార్చి వేయండి.

సిల్ కింది పైపుల్నీ చెయ్యి పెట్టి తడమండి. జాక్ తప్పుచోట పెట్టి నొక్కేసిన పైపులు ఈ కార్లలో తరచూ కనిపిస్తాయి. పైపు చదునైతే కూలర్‌కి నూనె సరిగ్గా పోదు. నూనె వేడి గేజ్ 90 డిగ్రీలు దాటాక ముందు లైన్లు వెచ్చగా కూడా లేకపోతే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు.

ఉప్పురోడ్డు:
నట్‌ల సంగతి నిజమే, ముఖ్యంగా మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్లలో. వేర్వేరు లోహాలు, ఉప్పునీరు, 35 ఏళ్లకు పైగా వయసు. నట్, దారాలు ఒకటైపోతాయి.

నట్ సైజు 36 మి.మీ., దారం ఎం30 × 1.5, అంటే 30 మి.మీ. వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ మధ్య (పిచ్) 1.5 మి.మీ. ఒకే స్పానర్‌తో లాగొద్దు. రెండో స్పానర్‌తో థర్మోస్టాట్ వైపు భాగాన్ని పట్టుకోవాలి, లేకపోతే బ్రాకెట్ వంకరపోతుంది. ముందు కూలర్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం: అల్యూమినియం మెడ పట్టుకోకుండా తిప్పితే మెడే మెలిపడి చిరుగుతుంది, కూలర్ పోతుంది.

పని పెట్టుకోవడానికి మూడు రోజుల ముందే వైర్ బ్రష్‌తో దారాలు తోమి పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. రోజుకు రెండుసార్లు. అప్పటికీ కదలకపోతే ఏది త్యాగం చేయాలో నిర్ణయించుకోండి. థర్మోస్టాట్ ఖరీదైనది, లైన్ ఎలాగూ మారుస్తున్నారు. కాబట్టి నట్‌ని నిలువునా కోయండి. చిన్న రోటరీ టూల్‌తో గీత పెట్టి, దారాలు రెండు వెంట్రుకల మందం దూరంలో ఉండగా ఆపి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ. నట్ విచ్చుకుంటుంది, థర్మోస్టాట్ దారాలకి గీత పడదు. మొత్తం కోసేద్దామని ఆశపడ్డారా, అంతే సంగతులు.

డల్లాస్_గరాజ్:
కోసేముందు వేడి పెట్టి చూడొచ్చు కదా? నట్‌ని గ్యాస్ టార్చితో వేడిచేస్తే సగం కేసుల్లో వస్తుంది.

ఉప్పురోడ్డు:
వస్తుంది, కాదనను. కానీ అక్కడి అండర్‌కోటింగ్ (తుప్పు పట్టకుండా అడుగున పూసే పూత) అంటుకుంటుంది, పక్కనే నూనె మరకలు. పెట్టేవాళ్లు ముందు శుభ్రంగా గోకేసి, తడి గుడ్డ చుట్టి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. ఒంటరిగా ఆ పని వద్దు. బ్రేక్ క్లీనర్ వాసన ఇంకా ఉంటే అసలే వద్దు. నా ఓటు కోతకే.

న్యూజెర్సీ_86:
కొత్త లైన్ మొత్తం కొనే బదులు, పాత చివర్లు ఉంచి రబ్బరు మాత్రం మార్పించవచ్చా?

బాలానగర్_క్రింపింగ్:
మార్పించవచ్చు, హోస్‌లు కట్టడమే మా పని. కారు ఏదైనా పద్ధతి ఇదే. షాపుకి వెళ్లేవాళ్లు నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోండి.

పాత హోస్ కోయకముందే దాని మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి పెయింట్‌తో తిన్నగా గీత గీయండి. రెండు చివర్లూ వంపు తిరిగినవైతే ఒకదానితో ఒకటి ఏ కోణంలో ఉన్నాయో ఆ గీతే చెబుతుంది. అది తప్పితే బిగించేటప్పుడు హోస్ మెలిపడుతుంది, మెలిపడిన హోస్ కాలర్ దగ్గరే తెగుతుంది. పొడవు సీటు (ఫిట్టింగ్‌లో అతుక్కుని కూర్చునే ముఖం) నుంచి సీటుకి కొలవండి, కాలర్ నుంచి కాలర్‌కి కాదు.

దారం సంగతి. షాపుల్లో మామూలుగా దొరికే 22ఎల్ మెట్రిక్ ఫిట్టింగ్ ఎం30 × 2. మీది 1.5. మొదటి చుట్టు, ఒకటిన్నర చుట్టు చేత్తో ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత పట్టేస్తుంది. అప్పుడు స్పానర్ పెట్టారంటే థర్మోస్టాట్ దారం పాడు. పిచ్ గేజ్ పెట్టి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

సైజు 16 అని చెబితే చాలదు. 100ఆర్‌2, 100ఆర్‌5 అనేవి హోస్ ప్రమాణాల పేర్లు. 100ఆర్‌2 రకంలో 16 అంటే లోపల 1 అంగుళం, 100ఆర్‌5లో 7/8 అంగుళం. పాత పైపుకి ఏది కూర్చుంటుందో వెర్నియర్‌తో చూడాలి.

ఇక వేడి. జేసీబీలకి వేసే మామూలు నైట్రైల్ హోస్ 100 డిగ్రీల దాకానే నిలకడగా పనిచేస్తుంది. ఇక్కడ ప్రెషర్ సమస్యే కాదు, ఆ హోస్‌లు ఇంతకి పదింతలు తట్టుకుంటాయి. వేడే సమస్య. ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌లో నూనె 110, 120 దాకా పోతుంది, పక్కనే ఎగ్జాస్ట్. 150 డిగ్రీల రేటింగ్ ఉన్నది అడగండి. హోస్ మీద తయారీ త్రైమాసికం, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, 3క్యూ22 లాగా. షాపులో నాలుగైదేళ్లుగా పడున్నదైతే వేరేది తీయించండి.

అడిగే వరకు చెప్పనిది ఒకటి: గ్రైండర్‌తో కోసిన హోస్ లోపల రాపిడి పొడి, రబ్బరు తురుము ఉంటాయి. ఫోమ్ గుళిక తోసి, కడిగి, గాలి కొట్టాకే క్రింప్ చేయాలి. స్కావెంజ్ లైన్‌లో మిగిలిన పొడి నూనెతో పాటే ముందుకు కొట్టుకుపోతుంది.

ఫ్లాట్‌సిక్స్:
సక్షన్‌కి మాత్రం ఈ మార్గం పట్టొద్దు. అది తోసే హోస్ కాదు, పీల్చే హోస్. లోపల తీగచుట్ట లేని మెత్తటి గొట్టం వేడికి కుదించుకుపోతుంది. అక్కడ ఈ మోడల్‌కి పోతపోసి ఇచ్చే ఒరిజినల్ వంపు హోస్, అంచు మడిచిన క్లాంపులు. క్లాంపు వదులైతే నూనె కారడమే కాదు, గాలీ లాగుతుంది.

టెఫ్లాన్ హోస్ ఎందుకు వేయకూడదని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. వేడికి దానికి సాటి లేదు, 200 దాటినా ఏమీ కాదు. కానీ వంపు తిరగాల్సిన చోట మడత పడితే మళ్లీ సరికాదు. పైగా ఇంజిన్ మౌంట్‌ల మీద ఊగుతుంది. తిన్నగా పోయే చోట వేసుకోండి. స్టీలు అల్లిక ఉన్నది దేనికి రాసుకున్నా దాన్ని రంపంలా కోస్తుంది, తొడుగు తప్పనిసరి.

చిత్తూరు_టర్బో:
బ్రీదర్ హోస్‌ల (ఇంజిన్ కేసులోని ఆవిరి బయటికి పోయే గొట్టాలు) మాట ఎవరూ ఎత్తలేదు. కేసు పైనుంచి ట్యాంకుకి పోయేది పెంకులా విరుగుతుంది. పైనుంచి చెయ్యి దూరదు. ఇంజిన్ కింద జాక్ పెట్టి వెనక మౌంట్ బోల్టులు తీసి కొంచెం దించితే అందుతుంది, పూర్తిగా దించక్కర్లేదు. వైర్లు, కేబుళ్లు, ఇంధన లైన్లు సాగుతున్నాయేమో చూస్తూ దించండి. దాని బదులు రేడియేటర్ హోస్ ముక్క వేసేవాళ్లున్నారు. అది ఈపీడీఎం రబ్బరు, నీటికి మంచిదే గానీ నూనె తగిలితే ఉబ్బి జిగురవుతుంది.

న్యూజెర్సీ_86:
చాలా స్పష్టంగా ఉంది, థాంక్స్. నూనె ఎంత పోయాలి, మొదటి స్టార్ట్ ఎలా?

ఫ్లాట్‌సిక్స్:
మొత్తం సుమారు 13 లీటర్లు. ట్యాంకు, ఇంజిన్ రెండు ప్లగ్‌లూ తీస్తే 9, 10 దిగుతాయి. మిగతాది కూలర్లలో, లైన్లలో ఉంటుంది. లైన్ విప్పగానే ఇంకొంత మీద పడుతుంది, వెడల్పు ట్రే పెట్టుకోండి.

బిగించేముందు కోన్ సీటుకి చుక్క నూనె, దారాలకి పలచగా యాంటీ సీజ్ (దారాలు పట్టేయకుండా పూసే పేస్ట్). సీటుకి యాంటీ సీజ్ పూయొద్దు. ముందు అన్ని నట్‌లూ చేత్తో ఎక్కించి, హోస్ మెలి లేదని గీత చూసి, ఆ తర్వాతే స్పానర్.

8 లీటర్లు పోయండి. డ్రైవర్ సీటు కింద డీఎంఈ (ఇంజిన్ కంప్యూటర్) రిలే పీకేస్తే ఇంధనం, స్పార్క్ రెండూ ఆగుతాయి. 10 సెకన్ల చొప్పున, మధ్యలో స్టార్టర్‌కి విరామమిస్తూ తిప్పండి. ప్రెషర్ సూది లేచాక రిలే పెట్టి స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే వదిలి అన్ని జాయింట్లూ చూడండి. తర్వాత ముందు లైన్లు వేడెక్కేదాకా నడపాలి. కొత్త లైన్లూ కూలరూ నిండేది అప్పుడే, డిప్‌స్టిక్ ఒక్కసారిగా పడిపోతుంది. చదును నేల మీద, వేడిగా, ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే కొలిచి అర లీటరు చొప్పున పోయండి.

డల్లాస్_గరాజ్:
నట్‌కీ ఫిట్టింగ్‌కీ కలిపి తెల్ల పెయింట్ పెన్‌తో గీత పెట్టండి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక చూస్తే, జారినది గీత చూడగానే తెలిసిపోతుంది. సక్షన్ క్లాంపులు మాత్రం గీతతో తెలియవు, చల్లగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి చూడాల్సిందే. కొత్త రబ్బరు అణగుతుంది కాబట్టి పావు చుట్టు అయినా పడుతుంది.