పార్కులోని పాత ఇనుప ఫౌంటెన్ ఏ కాలం నాటిదో తేల్చడం ఎలా?

నగర పార్కులో ఉన్న ఒక పోత ఇనుప ఫౌంటెన్ చరిత్రను రాసే ప్రయత్నంలో ఉన్నాను. పీఠం చుట్టూ కొంగల బొమ్మలు, వాటిపైన ఆకుల అంచుతో రెండు పళ్ళేలు, శిఖరాన కడవ పట్టుకున్న స్త్రీమూర్తి ఉన్నాయి గానీ, శిలాఫలకం లేదు. 19వ శతాబ్దంలో గ్లాస్గోలోని సారసెన్ ఫౌండ్రీ, ఇంగ్లండ్‌లోని కోల్‌బ్రూక్‌డేల్, ఫ్రాన్స్‌లోని వాల్ దోన్ వంటి కార్ఖానాలు ఇలాంటి వాటిని బొమ్మల కేటలాగుల ద్వారా అమ్మి, విడిభాగాలుగా దేశదేశాలకు పంపేవి కనుక, కేవలం పోలికను బట్టి నిర్ణయించడం సబబు కాదని నా అభిప్రాయం.

పీఠం మీద పేరుకున్న రంగు కింద డైమండ్ ఆకారపు ముద్ర ఒకటి లీలగా కనిపిస్తోంది. బ్రిటన్‌లో 1842 నుంచి 1883 వరకు నమోదైన డిజైన్లకు అటువంటి ముద్ర ఉండేది. దాని మూలల్లోని అక్షరాలు, అంకెలను బట్టి నమోదు తేదీ తెలుస్తుంది. అయితే అది డిజైన్ తేదీయే తప్ప ఫౌంటెన్‌ను నెలకొల్పిన తేదీ కాదు.

ఆ పాత రంగు పొరలు కూడా చరిత్రలో భాగమే కాబట్టి, వాటిని పూర్తిగా గీకివేయకుండా ముద్రను చదవగలిగే పద్ధతి ఏదైనా ఉందా? నెలకొల్పిన సంవత్సరం కోసం పురపాలక తీర్మానాలను ముందు వెతకాలా, లేక నీటి సరఫరా పాత పటాలనా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.