ఛార్టులో అంకెలు బాగానే ఉండి, రోగి తేడాగా అనిపిస్తే డ్యూటీ డాక్టరుకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: స్టాఫ్ నర్సు, ఆర్థో వార్డు

పోయిన నెల రాత్రి డ్యూటీలో జరిగిన ఒక విషయం నన్ను ఇంకా వదలడం లేదు. తుంటి ఎముక ఆపరేషన్ అయి రెండు రోజులైన 68 ఏళ్ల పెద్దావిడ. షుగర్, బీపీ ఉన్నాయి, రోజూ అటెనొలాల్ అనే బీపీ మాత్ర వేసుకుంటారు. రెండు గంటలకు ఆవిడ కూతురు వచ్చి, "సిస్టర్, అమ్మ నన్ను మా పిన్ని పేరుతో పిలుస్తోంది, సాయంత్రం బాగానే మాట్లాడింది" అన్నారు. వెళ్లి చూస్తే బీపీ 118/76, నాడి 84, జ్వరం లేదు, 2 లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96. శ్వాస మాత్రం నిమిషం పాటు లెక్కపెడితే 26 వచ్చింది. ఛార్టులో అంతకు ముందు ప్రతి గడిలోనూ 20 అనే ఉంది. పది గంటల గడిలో లెక్కపెట్టకుండా ఆ 20 రాసింది నేనే.

డాక్టరుకు ఫోన్ చేసి "పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు సార్" అన్నాను. బీపీ, నాడి, శాచురేషన్ అడిగి, "అబ్జర్వ్ చేయండి" అన్నారు. నాలుగున్నరకు పై బీపీ 84కు పడిపోయి, ఐసీయూకు మార్చాల్సి వచ్చింది. ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లారు. అయినా, నా అనుమానాన్ని డాక్టరు లేచి వచ్చేలా చెప్పడం ఎలాగో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు 1: ఇన్‌చార్జి సిస్టర్, 22 ఏళ్ల సర్వీసు

అమ్మా, మీకు అనుమానం సరిగ్గానే వచ్చింది, దానికి ఆధారాలు కూడా మీ చేతిలోనే ఉన్నాయి. అటెనొలాల్ వేసుకునే మనిషికి లోపల ఎంత ఇబ్బంది ఉన్నా నాడి అంతగా పెరగదు కాబట్టి 84 చూసి ధైర్యపడకూడదు. ఆ 96 కూడా ఆక్సిజన్ పెట్టి, పైగా నిమిషానికి 26 సార్లు ఊపిరి తీసుకుంటే నిలిచిన 96. నేనైతే ముందు దుప్పటి తొలగించి పాదాలు చేత్తో పట్టుకుని చూస్తాను, వేలిగోరు నొక్కి వదిలి రెండు సెకన్లలో రంగు తిరిగి వస్తోందో లేదో చూస్తాను, ఆ తర్వాత యూరోబ్యాగ్ (మూత్రం సంచి) వైపు వంగుతాను. 60 కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. ఒక్కటి అడగాలి: షుగర్ ఉన్న మనిషి మాట తడబడితే మొదట చేయాల్సింది గ్లూకోమీటర్ పరీక్ష, మీరు రాసినదాంట్లో అది కనబడలేదు.

జవాబు 2: నర్సింగ్ కళాశాల ట్యూటర్

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన న్యూస్‌-2 స్కోరు (రోగి పరిస్థితి విషమిస్తోందా అని అంకెల్లో చెప్పే పద్ధతి) మీ ఆసుపత్రిలో లేకపోయినా, ఒకసారి వేసి చూడండి. శ్వాస 25, ఆపైన ఉంటే 3, ఆక్సిజన్ మీద ఉన్నందుకు 2, కొత్తగా వచ్చిన అయోమయానికి 3, మొత్తం 8. ఏడు, ఆపైన వస్తే అది అత్యవసరం. మీరు ఫోన్లో చెప్పిన మూడింటికీ వచ్చేది సున్నా. స్కోరు తెచ్చిన మూడూ డాక్టరు చెవిన పడనేలేదు.

ఇలా చెప్పి ఉంటే బాగుండేది (సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలే దెబ్బతినే ప్రాణాంతక స్థితి): "సార్, ఆపరేషన్ అయిన రెండో రోజు పేషెంట్, అటెనొలాల్ మీద ఉన్నారు. సాయంత్రం స్పష్టంగా మాట్లాడిన ఆవిడ ఇప్పుడు కూతురిని గుర్తుపట్టడం లేదు, శ్వాస 26, షుగర్ ఇంత, యూరిన్ ఇంత. సెప్సిస్ అని నా అనుమానం. మీరు పది నిమిషాల్లో వచ్చి చూడాలి." రాలేనంటే, ఎంత సేపట్లో వస్తారో, ఏ అంకె దగ్గర మళ్లీ పిలవాలో అడిగి నర్సెస్ నోట్స్‌లో సమయంతో సహా రాయండి. అప్పటికీ కదలకపోతే పైవారికి ఫోన్ చేయడం అమర్యాద కాదు.

జవాబు 3: బ్రిటన్‌లో పనిచేస్తున్న తెలుగు నర్సు

ఆ కూతురి మాటను నేను అన్నిటికంటే ముందు పెడతాను. ఇక్కడ 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రులు ఆందోళన చెబుతున్నా ఆసుపత్రి పట్టించుకోలేదు. దాని ఫలితంగానే 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రులలో, కుటుంబ సభ్యులే క్రిటికల్ కేర్ బృందాన్ని పిలిపించుకునే "మార్తాస్ రూల్" అమలులోకి వచ్చింది. అంచేత మీరు నోట్స్‌లో "డల్" అని కాకుండా, "కూతురిని పిన్ని పేరుతో పిలుస్తున్నారు" అని ఆవిడ చెప్పినట్టే రాయండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. షుగర్ చూశాను, 162 ఉంది, కానీ దాన్ని డాక్టరుకు చెప్పలేదు. యూరోబ్యాగ్ మాత్రం చూడలేదు. ఇన్‌టేక్-అవుట్‌పుట్ ఛార్టు తర్వాత తీసి చూస్తే పది నుంచి రెండు వరకు మూత్రం 70 మిల్లీలీటర్లే ఉంది. ఆవిడ బరువు 58 కిలోలు. మా వార్డులో 30 మంచాలు, శ్వాస నిమిషం పాటు లెక్కపెట్టడానికే అరగంట పడుతుంది కాబట్టి పది గంటల రౌండును ఇప్పుడు తొమ్మిదిన్నరకే మొదలుపెడుతున్నాను.