పాఠాలన్నీ రికార్డు అవుతున్నప్పుడు తరగతికి హాజరు తప్పనిసరి ఎందుకు?

లెక్కల మాస్టారు:
మా కళాశాలలో పాఠాలన్నీ రికార్డు చేసి విద్యార్థులకు అందిస్తున్నాం. కాబట్టి హాజరు నిబంధన ఎత్తివేయమని కొందరు అడుగుతున్నారు. నేను ఒప్పుకోను. సమాకలనంలో ప్రతిక్షేపణ పద్ధతి చెబుతుంటే మూడో వరుసలో ఒకరి నొసలు ముడిపడుతుంది. అక్కడే ఆగి, ఒక మెట్టు వెనక్కి వెళ్తాను. ఆ విద్యార్థి నోరు తెరిచి అడగడు. అర్థం కాలేదన్న సంగతి అప్పటికి అతనికే తెలియదు. కెమెరా ముందు చెప్పినప్పుడు ఆ ముఖం నాకెలా కనబడుతుంది? 2011లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు కృత్రిమ మేధపై ఉచిత ఆన్‌లైన్ కోర్సు పెడితే సుమారు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచినవారు దాదాపు 23,000 మంది.

రెండో ఏడాది విద్యార్థిని:
మాస్టారూ, 23,000 మందిని కూర్చోబెట్టగల తరగతి గది ఎక్కడుంది? చేరినవారిలో ఎంతోమంది ఏముందో చూద్దామని వచ్చినవారే అయి ఉంటారు. వాళ్లందరినీ చదువు మానేసినవారిగా లెక్కగట్టడం న్యాయం కాదు.
మూడో వరుస ముఖం మీకు కనబడుతుంది, నిజమే. నేను కూర్చునేది పదో వరుసలో. ఉదయం పనికి వెళ్లి అలసిపోయి వస్తాను. తరగతిలో తప్పిపోయిన వాక్యాన్ని రాత్రి వీడియోలో నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటాను. మిమ్మల్ని నాలుగుసార్లు చెప్పమని అడిగే ధైర్యం నాకు లేదు.

పెదవులు చదివేవాడిని:
నాకు వినికిడి తక్కువ. అధ్యాపకులు బోర్డు వైపు తిరిగి మాట్లాడితే పెదవులు కనబడవు. నా హాజరు పడుతుంది, పాఠం మాత్రం అందదు. వీడియో కింద అక్షరాలు వచ్చిన రోజు మొదటిసారి మొత్తం పాఠం నాకు చేరింది. అయితే యంత్రం తనంతట తాను రాసే ఆ అక్షరాలు శాస్త్ర పదాల దగ్గర తడబడతాయి. సూత్రంలో ఒక్క మాట మారితే అర్థమే తలకిందులు. ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. హాజరు సంగతి తేల్చే ముందు ఆ పని ఎవరిదో తేల్చండి.

ఇద్దరు పిల్లల తల్లి:
కళాశాల వేరు, బడి వేరు. పదేళ్ల పిల్లవాడికి ట్యాబ్ ఇచ్చి చదువుకోమంటే పాఠం పక్కనే ఆట కూడా ఉంటుంది. పెరూలో బడిపిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 2012లో వెలువడిన మూల్యాంకనంలో అవి అందిన బడులకూ అందని బడులకూ లెక్కల్లో, భాషలో తేడా కనబడలేదు. స్వీడన్ ప్రభుత్వం 2023లో అచ్చు పుస్తకాల కోసం మళ్లీ నిధులు కేటాయించింది. పరికరం కొన్నంత మాత్రాన చదువు రాదని చెప్పడానికి ఇంకేం కావాలి?

రెండో ఏడాది విద్యార్థిని:
అమ్మా, మీ ఆందోళన అర్థమైంది. పదేళ్ల పిల్లల విషయంలో నేనూ మీతోనే ఉంటాను. కానీ ఆ కారణంతో మా రికార్డింగులు ఆపవద్దు.

లెక్కల మాస్టారు:
ఆపమని నేనూ అనను. పదో వరుస గురించి మీరు రాసింది రెండు రోజులుగా నా మనసులో ఉంది.
ఒక్క మాట వినండి. నాలుగుసార్లు విన్నాక 'వచ్చేసింది' అనిపిస్తుంది. ఆ నమ్మకం మోసం చేస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరి చేత పాఠ్యాన్ని మళ్లీ చదివించారు, మరికొందరికి చూడకుండా గుర్తుచేసుకునే పరీక్ష పెట్టారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత చూస్తే పరీక్ష రాసినవారికే ఎక్కువ గుర్తుంది. అందుకే వివరణ వీడియోలో ఉండనివ్వండి, దానికి హాజరు వద్దు. తరగతి గంట మాత్రం పుస్తకం మూసి లెక్కలు చేయడానికే. దానికి అందరూ రావాలి. నేను వరుసల మధ్య తిరుగుతాను, పదో వరుస దాకా వస్తాను. మాట్లాడేటప్పుడు బోర్డు వైపు తిరగను. నా పాఠాల కింది అక్షరాలు నేనే సరిచేస్తాను.

పెదవులు చదివేవాడిని:
మీ ఒక్కరి పాఠాలకు సరే. మిగతా సబ్జెక్టులకు?

రెండో ఏడాది విద్యార్థిని:
ఆ గంట ఉదయమే పెడితే నాలాంటివారు మళ్లీ బయటే ఉంటారు.

లెక్కల మాస్టారు:
సాయంత్రం 7 గంటలకు పెడితే నేను వస్తాను. మిగతా అధ్యాపకులను అక్షరాల గురించీ, వేళ గురించీ సోమవారం సమావేశంలో అడిగి ఇక్కడే రాస్తాను.