పాత తెలుగు పుస్తకాల స్కానింగు: ఏది దాచుకోవచ్చు, ఏది నెట్‌లో పెట్టొచ్చు?

గ్రంథాలయ_బంటు (ప్రశ్న):

నమస్కారమండీ. ట్రస్టు నడిపే ఊరి గ్రంథాలయం కోసం అడుగుతున్నాను. చందా లేదు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు. పాత పుస్తకాలు 1,200 దాకా ఉన్నాయి, ఎక్కువ భాగం 1905–1970 మధ్యవి. కాగితం పెళుసుబారి పుట తిప్పితే అంచు ముక్కలై చేతికొస్తోంది. అన్నీ స్కాన్ చేయించాలని కమిటీ తీర్మానించింది. స్కాన్ చేయడానికే అనుమతి కావాలా? చేశాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (ఎవరైనా ఉచితంగా చదువుకునే ఆన్‌లైన్ గ్రంథాలయం) పెట్టేయొచ్చా? "సర్వస్వామ్య సంకలితము" (హక్కులన్నీ మావే) అని వేసుకున్నవాటి సంగతేంటి?

నమూనాకి మూడు:

క. సురవరం ప్రతాపరెడ్డి గారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర", 1949 తొలి ముద్రణ.
చ. ఒక పాత ప్రబంధం, టీకా తాత్పర్యాలతో. సంవత్సరం "ప్రమోదూత" అని మాత్రమే ఉంది. టీకాకారుడు 1944లో పోయారని తెలిసింది.
ట. 1962లో అచ్చయిన నవల. రచయిత పేరుంది గానీ ఆయనెవరో, ఉన్నారో లేదో ఎవరికీ తెలియదు. ప్రచురణ సంస్థ ఎప్పుడో మూతపడింది.

హక్కుల_లెక్క:

స్కాన్ చేయడం ఒక పని, జనానికి అందించడం ఇంకో పని. చట్టం ఈ రెంటినీ విడివిడిగా చూస్తుంది. ఈ తేడా పట్టుకుంటే సగం సందేహాలు తీరతాయి.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎన్) ప్రకారం, లాభాపేక్ష లేని పబ్లిక్ గ్రంథాలయం తన దగ్గర కాగితం ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిందిది. అనుమతి అక్కర్లేదు, పుస్తకం ఎంత కొత్తదైనా సరే. కాబట్టి 1,200 స్కాన్ చేయించండి, భయం లేదు. దాని పక్కనే ఉన్న (ఓ) క్లాజు ఇంకొంచెం ఇస్తుంది: దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే గ్రంథాలయం వాడుకకు మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చు. పెళుసు ప్రతిని బీరువాలో పెట్టి, ప్రింటు తీసి కుట్టించిన ప్రతిని చదువరుల చేతికివ్వడానికి ఆధారం ఇదే. దొరకదని రుజువు కావాలి కదా, రెండు మూడు పుస్తకాల దుకాణాలకు రాసి "స్టాకు లేదు" అన్న జవాబు ఫైల్లో పెట్టుకోండి.

నెట్‌లో పెట్టడం ఈ రెంటిలోనూ లేదు. అక్కడ కాలపరిమితి చూడాలి. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి 60 ఏళ్లు. సురవరం వారు 1953లో పోయారు, అంటే మన దేశంలో ఆ పుస్తకం 2014 జనవరి 1 నుంచి అందరిదీ. "సర్వస్వామ్య సంకలితము" అన్న ముద్ర ఆ లెక్కకు ఒక్క రోజు కూడా కలపదు. అలాగని ముద్ర లేనంత మాత్రాన హక్కు లేదనీ కాదు.

జనం ఎక్కువగా జారేది పుస్తకం మొత్తాన్ని ఒకే వస్తువుగా చూసినప్పుడు. ప్రబంధ కవి ఎప్పటివాడో, ఆయన పద్యాలకు హక్కు లేదు. టీకా మాత్రం టీకాకారుడి సొంత రచన, ఆయన మరణం నుంచి విడిగా లెక్క. పీఠిక రాసినవారిది ఇంకో లెక్క, బొమ్మలు వేసినవారిది మరోటి. 1915లో పోయిన గురజాడ వారి రచనను 1985లో మళ్లీ అచ్చేస్తూ అప్పటికి జీవించి ఉన్న విమర్శకుడితో ముప్పై పేజీల ముందుమాట రాయిస్తే, నెట్‌లోకి వెళ్లాల్సింది ముందుమాట తీసేసిన ప్రతి. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన లేఖలు, డైరీల లాంటివాటికి సెక్షన్ 24 వర్తిస్తుంది, అచ్చయిన ఏడాది నుంచి 60.

ఇక ట పుస్తకం. 1962కి 60 కలిపి 2022తో అయిపోయిందని చాలామంది పెట్టేస్తారు. తప్పు. ప్రచురణ నుంచి 60 ఏళ్ల లెక్క రచయిత పేరు లేని, లేదా మారుపేరుతో వచ్చిన పుస్తకాలకే (సెక్షన్ 23), అదీ ఆ గడువులోగా అసలు మనిషెవరో బయటపడకపోతేనే. అసలు పేరు వేసుకున్న రచయిత మనకు తెలియకపోవడం అనామకత్వం కాదు. ఆయన 1990లో పోయి ఉంటే హక్కు 2050 దాకా.

పుటల_పురుగు:

పై లెక్క అంతా మన చట్టం. ఇంటర్నెట్ ఆర్కైవ్, వికీసోర్స్ (వికీపీడియా వాళ్ల ఉచిత పుస్తకాల సైటు) సర్వర్లు అమెరికాలో ఉన్నాయి, అక్కడి లెక్క వేరు.

1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు మిగిలి ఉన్న విదేశీ పుస్తకాలకు అమెరికా హక్కు పునరుద్ధరించింది. అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. మనకు ఆ గీత 1941లో పోయిన రచయితల దగ్గర పడింది. 1991 దాకా మన గడువు రచయిత మరణం నుంచి 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991 చివరికి తీరిపోతుందనగా ఆ డిసెంబరులోనే ఆర్డినెన్సు తెచ్చి 60 చేశారు. అప్పటికే గడువు తీరినవాటికి ప్రాణం పోయలేదు. అందుకే 1940లో పోయిన గిడుగు రామమూర్తి గారి పుస్తకాలు ఇక్కడా అక్కడా స్వేచ్ఛగానే ఉన్నాయి. 1941లోనో ఆ తర్వాతో పోయినవారికి మాత్రం రెండు లెక్కలూ చూడాలి.

క పుస్తకం: 1949 + 95 = 2044. అమెరికాలో 2045 జనవరి 1న గానీ విడుదల కాదు. ఇక్కడ 2014లోనే అందరిదైన పుస్తకం! విచిత్రమే, కానీ ఫిర్యాదు వస్తే "మా దేశంలో ఫ్రీ" అన్న జవాబు అక్కడ చెల్లదు. ఫిర్యాదు మీద ఆర్కైవ్ వాళ్లు పుస్తకం తొలగించాక మీరు ఎదురు నోటీసు ఇస్తే, 10 నుంచి 14 పనిదినాల్లో అవతలివారు దావా వేయకపోతే తిరిగి పెడతారు గానీ, ఆ నోటీసులో అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టాలి. ట్రస్టు తరఫున ఆ సంతకం ఎవరూ పెట్టకండి. క లాంటివాటికి మన దేశంలో ఉన్న సర్వర్లో గ్రంథాలయం సొంత సైటు మేలు.

చ పుస్తకం అసలు తమాషా. టీకాకారుడు 1944లో పోయారు కాబట్టి మన దగ్గర 2005 నుంచి స్వేచ్ఛ. అమెరికాకు అచ్చు సంవత్సరం కావాలి. ప్రమోదూత అంటే 1930 మార్చి చివర నుంచి 1931 మార్చి దాకా. 1930లో అచ్చయితే 2026 జనవరి 1తో తీరింది. 1931 మొదట్లో అయితే 2027 దాకా ఆగాలి. పీఠిక చివర సంతకం దగ్గర మాసం, తిథి ఉంటాయి, చూడండి. "మాఘ" అని ఉంటే 1931లోకి వచ్చేసినట్టే, పీఠిక కంటే ముందు పుస్తకం అచ్చు కాదు గదా. "శ్రావణ" అని ఉన్నంత మాత్రాన 1930 అని తేలదు, అచ్చు ఆలస్యం కావొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ పుస్తకమైతే ఫోర్ట్ సెయింట్ జార్జి గెజెట్‌కు అనుబంధంగా వచ్చిన మూడు నెలల పుస్తకాల జాబితాల్లో కచ్చితమైన తేదీ దొరుకుతుంది. నిజాం రాజ్యంలో అచ్చయినవి వాటిలో ఉండవు. ఇంకోటి, ప్రమోదూత 1990–91లోనూ వచ్చింది. పునర్ముద్రణను చూసి తొలి ముద్రణ అనుకోకండి.

పెట్టకముందు ఆర్కైవ్‌లో వెతకండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు అక్కడ వేలకొద్దీ ఉన్నాయి. పేర్లు తప్పుల తడక, కాబట్టి రెండు మూడు వర్ణక్రమాలతో చూడండి. మంచి స్కాన్ ఉంటే ఆ పుస్తకానికి మీ శ్రమ మిగులుతుంది.

ఒక ఆలోచన: హక్కున్న పుస్తకాలను ఒక ప్రతికి ఒక పాఠకుడు చొప్పున, గడువు పెట్టి డిజిటల్‌గా అరువిస్తే ఎలా ఉంటుంది?

అచ్చు_గది:

పుస్తకాలు వేసేవాళ్ల వైపు నుంచి చెబుతాను. ఆ అరువు పద్ధతినే ఇంటర్నెట్ ఆర్కైవ్ నడిపితే నాలుగు ప్రచురణ సంస్థలు 2020లో దావా వేశాయి, 2024 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు అది ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా చేయదగ్గ న్యాయమైన వాడకం) కాదని తేల్చింది. మన సెక్షన్ 52 జాబితాలోనూ అలాంటిది లేదు. "అచ్చులో లేదు కాబట్టి పెట్టేశాం" అన్న మాట రోజూ వింటుంటాం. అచ్చులో లేకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. 500 ప్రతుల పునర్ముద్రణకు కాగితం కొన్న చిన్న ప్రచురణకర్తకు, అదే వారం ఉచిత పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరిగితే ఆ పెట్టుబడి గోవిందా.

అలాగని తాళం వేసుకుని కూర్చోమనడం లేదు. అడగండి, చాలామంది ఇస్తారు. ఎవరిని అడగాలన్నదే చిక్కు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరుందని హక్కు వారిదే అనుకోవద్దు. హక్కు బదిలీకి రాతపూర్వక పత్రం ఉండాలి. గడువు రాయని బదిలీ ఐదేళ్లకే పరిమితమని సెక్షన్ 19 అంటుంది, కానీ 1994 సవరణ అమల్లోకి రాకముందు జరిగిన బదిలీలకు అది వర్తించదు. ఒప్పందం కాగితం చూపించలేకపోతే వారసుల దగ్గరకు వెళ్లడమే దారి. అక్కడా తొందరొద్దు. నలుగురు పిల్లలుంటే నలుగురూ సంతకం చేయాలి. పెద్దబ్బాయి ఒక్కడి సంతకంతో పెట్టిన పుస్తకం మీద రెండో అమ్మాయి నోటీసు పంపితే మీ దగ్గర జవాబుండదు.

ఉత్తరంలో "డిజిటలైజ్ చేసుకోవడానికి అభ్యంతరం లేదు" అని రాయించుకుంటే దేనికీ కొరగాదు. పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టడం, డౌన్‌లోడ్ ఇవ్వాలా వద్దా, వికీసోర్స్‌కైతే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (అందరూ వాడుకోవచ్చని ముందే ఇచ్చే అనుమతి) పేరు, అన్నీ ఉండాలి. ఆ లైసెన్సు ఇస్తే వేరేవాళ్లు అచ్చేసి అమ్ముకోవచ్చని వారసులకు ముందే చెప్పండి. చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం మర్యాద కాదు, తర్వాత గొడవ కూడా.

ట లాంటి అనాథ పుస్తకానికి, అంటే హక్కుదారు ఆచూకీ దొరకనిదానికి, ప్రచురించే లైసెన్సు కోర్టు నుంచి తెచ్చుకోవడానికి సెక్షన్ 31ఎ ఉంది. దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన, ఆపైన దరఖాస్తు, కోర్టు నిర్ణయించిన రాయల్టీ డిపాజిట్. పత్రిక ప్రకటన ఖర్చుకే ఆ నవలను రెండుసార్లు అచ్చేయొచ్చు.

పుటల_పురుగు:

అదే నా బాధ. క లాంటి పుస్తకం కోసం పోట్లాడేవాళ్లున్నారు, ట కోసం ఎవరూ లేరు. దాన్ని నెట్‌లో పెడితే నష్టపోయే మనిషి కనిపించడు, పెట్టకపోతే పుస్తకమే పోతుంది. పేరుకు సెక్షన్ ఉన్నా ఊరి గ్రంథాలయానికి అందదు.

హక్కుల_లెక్క:

ఒప్పుకుంటాను. అయినా పెట్టమని మాత్రం సలహా ఇవ్వను. సెక్షన్ 63లో కనీస శిక్ష ఆరు నెలల జైలు, 50,000 జరిమానా. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు కారణాలు రాసి తగ్గించవచ్చు. కానీ ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల, బెయిలు హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఫిర్యాదు వచ్చినప్పుడు 21 రోజులు ఆపి, కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టొచ్చని ఫోరముల్లో తిరిగే మాట 52(1)(సి)ది. అది లింకులు, తాత్కాలిక నిల్వ నడిపే మధ్యవర్తులకు. పుస్తకాన్ని స్వయంగా ఎక్కించినవారికి కాదు.

ట విషయంలో రెండు పనులు చేయొచ్చు. స్కాన్ భద్రంగా ఉంచండి. పుస్తకం పేరు, రచయిత, పేజీల సంఖ్య, విషయసూచిక, రెండు వాక్యాల పరిచయం మీ సైటులో పెట్టండి, అది మీ సొంత రాత. ఆ పేరు వెతికే మనవడో మనవరాలో మీ పేజీకి రావడానికి అదే దారి.

గ్రంథాలయ_బంటు:

అందరికీ ధన్యవాదాలు. చ పుస్తకం పీఠిక చూశాను, "ప్రమోదూత మాఘ శుద్ధ పంచమి" అని ఉంది. అంటే 2027 దాకా ఆగుతాం. ఇంకొకటి: చూపు లేని డిగ్రీ విద్యార్థులు ఇద్దరు ట నవలతో సహా కొన్ని పుస్తకాలు కావాలంటున్నారు. వాళ్లకీ ఇవ్వకూడదా?

చెవికి_చదువు:

ఇవ్వొచ్చు, హక్కున్న పుస్తకమైనా. సెక్షన్ 52(1)(జెడ్‌బి). వికలాంగులు చదవగలిగే రూపంలోకి మార్చి వాళ్ల సొంత వాడుకకు, చదువుకు, పరిశోధనకు ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరైనా చేయొచ్చు. లాభం తీసుకోకూడదు. ఫైలు మామూలు చదువరుల గుంపులోకి జారకుండా చూసుకోవాలి, అంటే ఆ విద్యార్థికే నేరుగా పంపండి, తెరిచి ఉన్న లింకు ఇవ్వొద్దు. సుగమ్య పుస్తకాలయలో (చూపు లేనివారి కోసం నడిచే ఆన్‌లైన్ గ్రంథాలయం) ముందు వెతకండి, ఎవరైనా చేసి ఉంటే మీ పని తప్పుతుంది.

స్కాన్ పీడీఎఫ్ పంపితే మాత్రం వాళ్లకు ఖాళీ కాగితం పంపినట్టే. స్క్రీన్ రీడర్‌కు (తెరమీది పాఠాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్) అక్షరాలు కావాలి, బొమ్మ కాదు. అందుకే స్కానింగు దశలోనే జాగ్రత్తపడండి. క్రౌన్ సైజు పుటకు 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), గ్రేస్కేల్ (బూడిద రంగు ఛాయలతో). పుటకు 6 మెగాపిక్సెళ్లు, కుదించని ఫైలు సుమారు 6 ఎంబీ. 200 పుటల పుస్తకం 1.2 జీబీ, మీ 1,200కి ఒకటిన్నర టీబీ లోపు. 2 టీబీ డిస్కులు రెండు కొని ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.

స్కాన్ చేసేవాళ్లు ఫైలు చిన్నదవుతుందని తెలుపు-నలుపులోకి మార్చి, మచ్చలు తీసే ఫిల్టరు నడుపుతారు. తెలుగుకు అక్కడే దెబ్బ. ఆ ఫిల్టరుకు ధ కింది గీత, థ లోపలి చుక్క, అరసున్న, అన్నీ మచ్చలే. "ధనము" "దనము" అయి కూర్చుంటుంది, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఏం చేసినా ఆ గీత తిరిగి రాదు. గ్రేస్కేల్ మూలాన్ని చెరపకుండా ఉంచి, ఓసీఆర్ దానిమీదే నడపండి. ఒత్తులు, బండి ఱ, పుట అడుగున వచ్చే టీకా చిన్నక్షరాలు, ఈ మూడు చోట్లా కళ్లతో సరిచూడక తప్పదు. విద్యార్థికి పరీక్ష దగ్గరుంటే అడిగిన అధ్యాయం ముందు దిద్ది పంపండి.