రిజా కయాల్ప్‌కి ఒలింపిక్ గోల్డ్ ఎందుకు రాలేదు?

ప్రశ్న: ఫ్రెండ్స్, టర్కీ హెవీవెయిట్ రెజ్లర్ రిజా కయాల్ప్ 5 సార్లు వరల్డ్ ఛాంపియన్, యూరప్ టైటిల్స్ 12, అంటే రష్యా రెజ్లింగ్ దిగ్గజం కరేలిన్‌తో సమానం, మరి ఒలింపిక్స్‌లో మాత్రం 2012 బ్రాంజ్, 2016 సిల్వర్, టోక్యోలో మళ్ళీ బ్రాంజ్. ఎక్కడ తేడా కొట్టింది?

రిప్లై 1: ఒకటే పేరు బ్రో, మిహైన్ లోపెజ్. లండన్ సెమీస్‌లో ఆయనే, రియో ఫైనల్లో 6-0తో ఆయనే, టోక్యో సెమీస్‌లో 2-0తో మళ్ళీ ఆయనే. ఆ క్యూబా మనిషి వరసగా 5 గోల్డ్‌లు కొట్టాడు, అదే టైంలో పుట్టడం రిజా దురదృష్టం.

రిప్లై 2: అలాగని లోపెజ్‌ని ఓడించలేదనుకోకండి, 2011లో ఇస్తాంబుల్‌లో సొంత జనం ముందు వరల్డ్ ఫైనల్లో ఓడించాడు, 2015 లాస్ వేగస్‌లో మళ్ళీ ఓడించాడు. గ్రీకో రోమన్‌లో కాళ్ళు పట్టుకోకూడదు కదా, 130 కేజీల వాళ్ళిద్దరూ ఛాతీకి ఛాతీ ఆనించి తోసుకుంటుంటే రిఫరీ ఎవరు వెనక్కి తగ్గుతున్నారో చూసి పాసివిటీ (సరిగ్గా పోరాడట్లేదన్న పెనాల్టీ) ఇస్తాడు, అలా తగ్గినవాణ్ని మ్యాట్ మీద బోర్లా ఉంచుతారు, పైవాడు నడుం చుట్టూ చేతులు బిగించి దొర్లిస్తే 2 పాయింట్లు. నాకైతే రిజా నిలబడి ఆడే ఆటే ఇష్టం, ఆ మెడ పట్టు చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

రిప్లై 3: పారిస్ సంగతి కూడా చెప్పండి, 2024లో గేమ్స్‌కి ముందే డోపింగ్ టెస్టులో ట్రైమెటాజిడిన్ అనే నిషేధిత మందు దొరికి సస్పెండయ్యాడు, అసలు వెళ్ళనేలేదు. లోపెజ్ అక్కడే ఐదో గోల్డ్ కొట్టి షూస్ విప్పి మ్యాట్ మీద పెట్టేశాడు, అంటే రిటైరైపోయినట్టు. ఆ ఇద్దరి మధ్య ఇంకో బౌట్ చూడాలని ఎంత ఆశపడ్డానో, చాలా బాధేసింది.