జింకకూ అడవి పందికీ ఒకే తూటా సరిపోతుందా?

హన్మకొండ_టు_టెక్సాస్: ఇక్కడ మిత్రుడి ర్యాంచ్‌లో వేటకు వెళ్తుంటాను. 308 రైఫిల్, 150 గ్రెయిన్ల (దాదాపు పది గ్రాముల) సాఫ్ట్ పాయింట్, అంటే మొన దగ్గర మెత్తని సీసం బయటికి ఉండే తూటా. దానికి జింక ఉన్నచోటే పడిపోతుంది. పోయిన ఆదివారం మాత్రం పెద్ద పందిని భుజం మీద కొడితే పొదల్లో దూరింది. చుక్క రక్తం కనబడలేదు. రాగి తూటాకు మారాలా?

రాగి_పక్షం: మారు అన్నా. ముదురు మగపందికి భుజం తోలు కింద అట్ట కట్టినంత గట్టి పొర ఉంటుంది. సీసం మెత్తన, పైనే విచ్చుకుని బలం పోగొట్టుకుంటుంది. రాగి విచ్చుకున్నా బరువు తగ్గదు, అవతలికి పోతుంది. రెండు వైపులా రంధ్రం పడితే రక్తపు జాడ దొరుకుతుంది.

ములుగు_రైతు: తూటాది కాదు తప్పు, తగిలిన చోటుది. పందికి గుండె బాగా కిందికి, ముంగాళ్ల దగ్గర ఉంటుంది. నువ్వు పైన కొట్టి ఉంటావు తమ్మీ.

రాగి_పక్షం: చోటు సంగతి ఎవరడిగారు? సీసం తునకలు మాంసంలో మిగులుతాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం తూటాలే నిషేధం.

భూపాలపల్లి_వాసి: ఇది చదివి ఇక్కడెవరూ తుపాకీ పట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని కొడితే జైలే. పందికైనా అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి.

ములుగు_రైతు: అనుమతితోనే మా మక్క చేనుకు ఒక షూటర్ వచ్చాడు. పన్నెండు బోరు తుపాకీ, ఎల్‌జీ గుండ్లు (ఒక్క దెబ్బకు కొన్ని పెద్ద గుండ్లు కలిసి పోయే రకం). ఒక పంది దెబ్బ తిని తప్పించుకుంది. తెల్లారి మా అన్న నీళ్లు కట్టను పోతే, ఒడ్డు పక్క గడ్డిలోంచి లేచి మీదికొచ్చింది. తొడ చీరి పదహారు కుట్లు పడ్డాయి. ఆ షూటర్ రాత్రే వెళ్లిపోయాడు.

రాగి_పక్షం: ప్రతి చర్చలో మీ చేను కథేనా? అడిగింది తూటా గురించి!

ములుగు_రైతు: మీకక్కడ టెక్సాస్‌లో భూమి ఆసామి ఒప్పుకుంటే పందికి వేట లైసెన్సే అక్కర్లేదు, 2019 నుంచి. ఇక్కడ కాగితం వచ్చేసరికి కంకులు మిగలవు. ఓపిక చచ్చినోళ్లు కరెంటు తీగలు కట్టి మనుషుల ప్రాణాలే తీస్తున్నారు. అంత సులువు ఉన్న చోట, కొట్టినదాన్ని వెతికే బాధ్యత కూడా ఉండాలె కదా! తమ్మీ, తెల్లారి మళ్లీ పోయి చూశావా లేదా? అది చెప్పు.

హన్మకొండ_టు_టెక్సాస్: లేదన్నా. చీకటి పడేదాకా వెతికి వచ్చేశాను. సోమవారం ఆఫీసు ఉండె.

రాగి_పక్షం: రాగి అయితే అసలు వెతకాల్సిన పనే ఉండేది కాదు.

ములుగు_రైతు: మా షూటర్ కూడా తన గుండ్ల మీద అంతే నమ్మకంగా చెప్పాడు.

హన్మకొండ_టు_టెక్సాస్: ఇప్పుడే మిత్రుడికి ఫోన్ చేశాను. వాళ్ల పిల్లలు సాయంత్రం ఆ పొదల పక్కనే సైకిల్ తొక్కుతారట. అటు పంపొద్దన్నాను. శనివారం పొద్దున్నే వెళ్తున్నా.